గ్యాస్ గోలీకి గడువెంత?

నిజామాబాద్ ఖలీల్‌వాడి ఆస్పత్రుల వీధుల్లో చూసినా, బోధన్ మెడికల్ షాపుల్లో చూసినా, వర్ని, కోటగిరి, రుద్రూర్ పల్లెల్లో ఆర్‌ఎంపీ కట్టిచ్చే పొట్లంలో చూసినా తరచూ కనిపించే మందు గ్యాస్ గోలీ. జ్వరానికి రాసినా, నడుము నొప్పికి రాసినా పక్కన అదొకటి ఉంటుంది. పరగడుపున అది పడందే చాయ్ ముట్టనివాళ్లూ తక్కువేం కాదు. ప్యాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్... పేరు ఏదైనా పని ఒకటే, కడుపులో ఆమ్లం ఊరడాన్ని తగ్గించడం.

ఈ గోలీ మీద పదిహేనేళ్లుగా వాదం నడుస్తోంది. ఏళ్ల తరబడి మింగితే మూత్రపిండాలు పాడవుతాయి, ఎముకలు గుల్లబారతాయి, మతిమరుపు వస్తుంది అని ఒక పక్షం. ఈ భయాల్లో చాలావరకు రుజువు కాలేదని రెండో పక్షం. మందు మంచిదే కానీ అవసరం లేనివాళ్లు మొదలుపెడుతున్నారు, అవసరం తీరినా ఆపడం లేదు అని మూడో పక్షం. పసుపో అతిమధురమో ఉండగా ఇంగ్లీషు మందు ఎందుకని నాలుగో పక్షం. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో, ఇందూరు (నిజామాబాద్) జిల్లా పరిస్థితులకు అది ఎలా వర్తిస్తుందో ఒకచోట చేర్చి చూడాల్సిన సమయం ఇది.

## ఏ బాధకు ఈ మందు

అన్నవాహిక అడుగున ఒక కండర కవాటం ఉంటుంది. తిన్నది కిందికి వదిలి, కడుపులోని ఆమ్లం పైకి రాకుండా బిగుసుకుని ఉండడం దాని పని. అది వదులైతే ఆమ్లం పైకి ఎగదన్ని ఛాతీలో మంట, గొంతులోకి పుల్లని నీళ్లు వస్తాయి. ఇది రిఫ్లక్స్. కడుపులోనో చిన్నపేగు మొదట్లోనో పుండు పడితే అది అల్సర్. ఏ పుండూ లేకుండా తిన్న వెంటనే నిండినట్టు, బరువుగా, పైకడుపు నొప్పిగా ఉంటే అది అజీర్తి. పొట్ట ఉబ్బరం, అపానవాయువు వేరే సంగతి. వాటికీ ఆమ్లానికీ సంబంధం తక్కువ.

జనం నోట ఈ నాలుగూ ‘గ్యాస్’ అయిపోయాయి, వైద్యమూ ఒకే గోలీ అయిపోయింది. రిఫ్లక్స్‌కు, అల్సర్‌కు ఆ గోలీ బాగా పనిచేస్తుంది. అజీర్తికి కొందరిలోనే పనిచేస్తుంది. ఉబ్బరానికి దాదాపు పనిచేయదు. భారత జీర్ణకోశ వైద్యుల సంఘం కార్యదళం 2011లో ప్రచురించిన సర్వేలో 3,224 మందిని పరిశీలిస్తే రిఫ్లక్స్ జబ్బు 7.6 శాతం మందిలో తేలింది. గోలీ మింగేవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువగా కనిపిస్తారంటే వాడకానికీ జబ్బుకూ మధ్య పొంతన ఎక్కడో తప్పిందన్నమాట.

## వంటసోడా నుంచి ప్రోటాన్ పంపు దాకా

1970ల దాకా కడుపు మంటకు ప్రధానంగా ఉన్నవి వంటసోడా, పాలు, అల్యూమినియం, మెగ్నీషియం కలిపిన తెల్ల మందులే. ఊరిన ఆమ్లాన్ని అవి విరుస్తాయి, ఊరకుండా ఆపలేవు. అల్సర్ ముదిరితే ఆపరేషనే గతి.

1976లో బ్రిటన్‌లో సిమెటిడిన్ వచ్చింది. ఆమ్లం ఊరమని కడుపు కణాలకు హిస్టమిన్ ఇచ్చే సంకేతాన్ని అడ్డుకునే తొలి మందు ఇదే. దాన్ని రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ దక్కింది. 1981లో రానిటిడిన్ వచ్చి మన పల్లెల దాకా పాకింది. 1988లో స్వీడన్‌లో ఒమెప్రజోల్ విడుదలయింది. ఇది సంకేతాన్ని వదిలి, ఆమ్లాన్ని తోడిపోసే పంపునే మూసేస్తుంది. ప్యాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఎసొమెప్రజోల్ దాని తర్వాత వచ్చిన తోబుట్టువులు.

ఈలోగా అల్సర్ కథే మారిపోయింది. చాలా అల్సర్లకు మూలం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అని ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980లలో చూపించారు. 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఆ బ్యాక్టీరియా వల్ల వచ్చిన పుండుకు రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు చాలు, జీవితాంతం గోలీ అక్కర్లేదు. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ బ్యాక్టీరియా ఉంది. అయినా దానికి పరీక్ష చేయించుకోకుండా ఏళ్లకేళ్లు గోలీతో నెట్టుకొచ్చేవాళ్లు మనకు కొత్త కాదు.

రానిటిడిన్ కథ మరో మలుపు. 2019లో ఆ మందులో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ కారకం కావచ్చని భావించే మలినం బయటపడింది. 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ సంస్థ దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. మన కేంద్ర ప్రభుత్వం 2022 సెప్టెంబరులో అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి దాన్ని తొలగించింది. అదే కోవలోని ఫామోటిడిన్‌లో ఈ సమస్య కనిపించలేదు.

## నాలుగు వాదాలు

భయపడే పక్షం. వీళ్ల వాదానికి పునాది ప్రభుత్వ సంస్థల హెచ్చరికలే. దీర్ఘకాలం వాడితే ఎముకలు విరిగే ముప్పుందని 2010లో, రక్తంలో మెగ్నీషియం పడిపోవచ్చని 2011లో, ఒక రకం తీవ్రమైన విరేచనాల ఇన్‌ఫెక్షన్ రావచ్చని 2012లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. 2016లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో, మతిమరుపుతో ముడిపెట్టిన అధ్యయనాలు వచ్చాయి. 2019లో మన ఔషధ నియంత్రణాధికారి కూడా మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదాన్ని మందుతో ఇచ్చే కాగితంలో చేర్చమని తయారీదారులకు సూచించారు.

భరోసా ఇచ్చే పక్షం. పై అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాత రికార్డులు తిరగేసి లెక్కగట్టినవని వీళ్లు గుర్తుచేస్తారు. గోలీ ఎక్కువగా వాడేవాళ్లు సాధారణంగా వయసు పైబడినవాళ్లు, షుగర్, గుండె జబ్బులున్నవాళ్లు. వాళ్లకు వచ్చిన తర్వాతి జబ్బుకు గోలీ కారణమా, ముందున్న జబ్బు కారణమా అన్నది ఆ లెక్కల్లో విడదీయలేం. దీనికి సమాధానంగా నిలిచింది 2019లో వెలువడిన కంపాస్ ప్రయోగం. 17,598 మందిలో సగం మందికి ప్యాంటాప్రజోల్, సగం మందికి ఉత్తుత్తి గోలీ ఇచ్చి సుమారు మూడేళ్లు గమనించారు. ఎముకలు విరగడంలో, మూత్రపిండ వ్యాధిలో, మతిమరుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేలిన తేడా ఒక్కటే. పేగు ఇన్‌ఫెక్షన్లు ఉత్తుత్తి గోలీ వాళ్లలో వెయ్యికి పది మందికి వస్తే, అసలు గోలీ వాళ్లలో వెయ్యికి పద్నాలుగు మందికి వచ్చాయి.

అవసరం చూడమనే పక్షం. 2009లో డెన్మార్క్ పరిశోధకులు ఏ జబ్బూ లేని 120 మందిని తీసుకున్నారు. ఒక జట్టుకు ఎనిమిది వారాలు ఎసొమెప్రజోల్ ఇచ్చి ఆపేశారు. ఆపిన తర్వాత ఆ జట్టులో 44 శాతం మందికి మంట, పుల్లని తేనుపులు వంటివి మొదలయ్యాయి. మందు అసలే వాడని జట్టులో అలాంటి బాధలు 15 శాతం మందికే. అణచిపెట్టిన ఆమ్లం మందు ఆపగానే ఒక్కసారి ఎక్కువగా ఊరుతుంది. దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకుని మనిషి మళ్లీ గోలీ అందుకుంటాడు. ఈ వలయాన్ని తెంచాలని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2022లో ప్రత్యేక సూచనలు ఇచ్చింది. గోలీ వాడే ప్రతి ఒక్కరి అవసరాన్ని తరచూ తిరిగి చూడాలి, అవసరం లేనివాళ్లకు ఆపి చూడాలి, అవసరం ఉన్నవాళ్లకు దుష్ప్రభావాల భయంతో మాత్రం ఆపకూడదు అన్నది వాటి సారాంశం.

దేశీ వైద్య పక్షం. పసుపు మార్కెట్‌కు పేరుమోసిన, జాతీయ పసుపు బోర్డు కేంద్రం వెలసిన నిజామాబాద్‌లో ఈ వాదానికి ఆదరణ సహజం. దీనికి కొంత ఆధారమూ ఉంది. థాయ్‌లాండ్‌లో 206 మంది అజీర్తి రోగులపై జరిగి 2023లో వెలువడిన ప్రయోగంలో పసుపులోని కర్‌క్యుమిన్ గొట్టాలు (క్యాప్సూళ్లు) ఒమెప్రజోల్‌తో సమానంగా ఉపశమనం ఇచ్చాయి. అయితే అది అజీర్తి మీద జరిగింది, ఛాతీ మంట మీద కాదు. ఉత్తుత్తి గోలీతో పోల్చలేదు. వాడింది రోజుకు 2 గ్రాముల కర్‌క్యుమిన్. కూరలో చిటికెడు పసుపుకు ఆ లెక్క పొసగదు. పెద్ద మోతాదు పసుపు గొట్టాలతో కాలేయం దెబ్బతిన్న సంఘటనలున్నాయి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకూ జాగ్రత్త అవసరం. అతిమధురం ఎక్కువ రోజులు తింటే రక్తపోటు పెరిగి పొటాషియం తగ్గుతుంది. మూలికైనా మోతాదూ గడువూ తప్పవు.

## మందుల పోలిక

- జెలుసిల్, డైజీన్ తరహా ద్రవాలు: నిమిషాల్లో పనిచేస్తాయి, గంట రెండు గంటలు నిలుస్తాయి. అప్పుడప్పుడు వచ్చే మంటకు సరిపోతాయి. మూత్రపిండ రోగులకు రోజూ తగవు. థైరాయిడ్, ఐరన్ గోలీలతో, కొన్ని యాంటీబయాటిక్‌లతో కలిపి తాగితే ఆ మందులు ఒంటికి పట్టవు.
- ఈనో తరహా సోడా పొడులు: తక్షణ ఉపశమనం. ఐదు గ్రాముల మోతాదులో సుమారు 850 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ చెప్పిన హద్దు 2,000 మిల్లీగ్రాములు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు.
- ఫామోటిడిన్: గంటలోపు మొదలై చాలా గంటలు పనిచేస్తుంది. రాత్రి మంటకు ఉపయోగం. రోజూ వాడితే వారం రెండు వారాల్లో ప్రభావం తగ్గుతుంది.
- ప్యాంటాప్రజోల్ తరహా పంపు మందులు: పై మూడింటికన్నా బలమైనవి. పూర్తి ఫలితానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. ఆమ్ల పంపులు తిండి తినే వేళకే చురుగ్గా ఉంటాయి కాబట్టి భోజనానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. తిన్న తర్వాత మంట మొదలయ్యాక మింగితే సగం వృథా.
- వోనోప్రజాన్: 2015 నుంచి జపాన్‌లో, ఇటీవల మన దేశంలోనూ దొరుకుతున్న కొత్త తరం మందు. తొలి రోజు నుంచే గట్టిగా పనిచేస్తుంది, తిండి వేళతో పనిలేదు. దీర్ఘకాలపు అనుభవం ఇంకా తక్కువ.

## ఇందూరు, బోధన్ లెక్క వేరు

ప్రపంచవ్యాప్త వాదాన్ని ఇక్కడికి తెచ్చినప్పుడు నాలుగు విషయాలు ముందుకొస్తాయి.

మొదటిది నొప్పి గోలీలు. 1937లో మొదలైన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు తగ్గి వరి పెరిగింది. చెరకు నరికినా, నాట్లు వేసినా నడుము వంచక తప్పదు. జిల్లాలో ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి వంగి కూర్చుంటారు. వంగి చేసే పని కడుపు మీద ఒత్తిడి పెంచి రిఫ్లక్స్‌కు దారితీస్తుంది, ఒళ్లు నొప్పులు నొప్పి గోలీకి దారితీస్తాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి కడుపులో పుండ్లు పెడతాయి, అందుకు తోడు గ్యాస్ గోలీ ఇస్తారు. ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఆ జంట సబబే. కానీ గ్యాస్ గోలీ కాపాడేది కడుపునే. నొప్పి గోలీ మూత్రపిండాలకు, గుండెకు చేసే హాని ఆగదు. ఎండలో చెమటోడ్చి నీళ్లు చాలని ఒంటికి ఆ హాని రెట్టిస్తుంది. కడుపు మండడం లేదు కదా అని నొప్పి గోలీ నెలలపాటు మింగడం ఈ ప్రాంతంలో గ్యాస్ గోలీ వెనక దాగిన పెద్ద ప్రమాదం.

రెండోది నీళ్లు. కంపాస్ ప్రయోగంలో గట్టిగా తేలిన ముప్పు పేగు ఇన్‌ఫెక్షన్. నీటితో, తిండితో వచ్చే క్రిములను చంపే మొదటి కాపలా కడుపులోని ఆమ్లమే. వానాకాలం కొత్త నీటితో వాంతులు, విరేచనాలు పెరిగే పల్లెల్లో ఆ కాపలాను ఏడాది పొడుగునా ఎత్తేయడం తేలిగ్గా తీసుకోదగింది కాదు. మతిమరుపు వస్తుందన్న వీడియోలు చూసి భయపడేవాళ్లు దీని గురించి ఆలోచించేది తక్కువ.

మూడోది కౌంటర్ అమ్మకం. అమెరికాలో 2003 నుంచి ఒమెప్రజోల్ చీటీ లేకుండా దొరుకుతోంది. అయితే 14 రోజులు వాడి ఆపాలని, నాలుగు నెలల లోపు మళ్లీ మొదలుపెట్టొద్దని డబ్బా మీదే ఉంటుంది. మన దగ్గర ప్యాంటాప్రజోల్ అట్ట మీద డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న హెచ్చరిక ఉంటుంది. వాస్తవంలో అడిగితే చాలు చేతికొస్తుంది, ఎన్ని రోజులని చెప్పేవాళ్లుండరు. అక్కడ చీటీ లేకపోయినా గడువుంది, ఇక్కడ చీటీ కావాలన్న నియమమూ అమలు కాదు, గడువూ ఉండదు. పైగా మన దగ్గర బాగా అమ్ముడయ్యేవాటిలో డాంపెరిడోన్ కలిపిన గొట్టం ఒకటి. వాంతులకు వాడే ఈ డాంపెరిడోన్ కొందరిలో గుండె లయ తప్పించగలదని ఐరోపా ఔషధ సంస్థ 2014లో దాని వాడకాన్ని సాధారణంగా వారం లోపుకు కుదించింది. మంట ఒక్కటే ఉన్నవాళ్లకు ఆ జంట మందు నెలల తరబడి అక్కర్లేదు.

నాలుగోది గుండె నొప్పి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, చెమటలు, ఆయాసం ఉంటే గ్యాస్ అనుకుని గోలీ వేసుకుని పడుకోవద్దు. షుగరున్నవాళ్లలో గుండెపోటు ఒట్టి కడుపు మంటలాగే రావచ్చు. ముందు ఈసీజీ తీయించాలి.

## ఎవరు ఆపొచ్చు, ఎవరు ఆపకూడదు

ప్రమాద సూచనలు లేని మామూలు ఛాతీ మంటకు రోజుకొక గోలీ చొప్పున ఎనిమిది వారాలు వాడి, తగ్గితే ఆపి చూడమన్నది అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ అనే వైద్యుల సంస్థ 2022 మార్గదర్శకం. రోజుకు రెండు వాడుతున్నవాళ్లు ముందు ఒకటికి తగ్గించాలి. తగ్గిస్తూ ఆపినా, ఒకేసారి ఆపినా తప్పులేదు. ఆపాక కొన్ని వారాలు మంట పెరగవచ్చు. అప్పుడు ద్రవ మందో ఫామోటిడినో అవసరాన్ని బట్టి వాడుకుంటే ఆ దశ గట్టెక్కుతుంది.

అన్నవాహికలో తీవ్రమైన పుండ్లున్నవాళ్లు, బారెట్స్ అనే మార్పు ఉన్నవాళ్లు, అల్సర్ నుంచి రక్తం పోయిన చరిత్ర ఉన్నవాళ్లు, గుండె స్టెంటు వేసుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడేవాళ్లు సొంతంగా ఆపకూడదు. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ కన్నా ప్యాంటాప్రజోల్ మేలు, మొదటి రెండూ దాని పనిని తగ్గిస్తాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్యాస్ గోలీ ఏళ్లుగా వాడుతుంటే బీ12 పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ గోలీ పనిచేయడం లేదనిపిస్తే గ్యాస్ గోలీ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ముద్ద దిగకపోవడం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, రక్తహీనత, యాభై అరవై దాటాక కొత్తగా మొదలైన మంట ఉంటే గోలీతో కాలం గడపకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి.

మందు కాని మార్గాల్లో ఆధారం గట్టిగా ఉన్నవి బరువు తగ్గడం, రాత్రి భోజనానికీ పడకకూ మూడు గంటల తేడా, తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం. బీడీ, సిగరెట్, మద్యం, కల్లు కవాటాన్ని వదులు చేస్తాయి. కారం అందరికీ పడనిది కాదు. ఎవరికి పడకపోతే వాళ్లు తగ్గించుకుంటే చాలు.

## తేలనివి

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి ఈ మందులు నేరుగా కారణమా అన్నది ఇంకా తేలలేదు. మూత్రపిండాల్లో అరుదుగా వచ్చే హఠాత్తు వాపు మాత్రం నిజం. కంపాస్ మూడేళ్ల ప్రయోగం. పదేళ్లు, పదిహేనేళ్లు వాడినవాళ్ల సంగతి దాంతో తేలదు. ఈ మందులను శరీరం విరిచే వేగం జన్యువులను బట్టి మారుతుంది. దక్షిణాసియాలో నెమ్మదిగా విరిచేవాళ్లు గణనీయంగా ఉన్నారు కాబట్టి పాశ్చాత్యుల మోతాదే మనకూ సరైనదా అన్న ప్రశ్న మిగిలే ఉంది. డాక్టర్ తక్కువగా దొరికే పల్లెల్లో ఈ మందును చీటీకే కట్టేయాలా, గడువు రాసి కౌంటర్ మీద అమ్మనివ్వాలా అన్నది విధానకర్తలు తేల్చాల్సింది.

## మొత్తం మీద

భయపడే పక్షం ముప్పును ఎక్కువ చేసి చూపింది. భరోసా పక్షం అవసరం లేని వాడకాన్ని తక్కువగా పట్టించుకుంది. అందుబాటులో ఉన్న ఆధారాలు మూడో పక్షం వైపే మొగ్గుతున్నాయి. రిఫ్లక్స్, అల్సర్ రోగికి ఇది బాగా పనిచేసే మందు. ముప్పు లేకున్నా నొప్పి గోలీకి తోడుగా, ఉబ్బరానికి విరుగుడుగా, అలవాటుగా ఏళ్ల తరబడి మింగేవాళ్లకు లాభం కొంచెం, ముప్పు కొంచెం, ఖర్చు మాత్రం నెలనెలా.

డాక్టర్లు, ఆర్‌ఎంపీలు, మెడికల్ షాపులవాళ్లు ఈ గోలీ ఇచ్చేటప్పుడు ఎన్ని రోజులన్నది చీటీ మీద రాయాలి. మందు తీసుకునేవాళ్లు మూడు ప్రశ్నలు అడగాలి. ఇది నాకు ఏ జబ్బుకు? ఎన్నాళ్లు? ఎప్పుడు ఆపాలి? ఈ మూడింటికీ జవాబు లేని గోలీని కొనసాగించే ముందు ఒకసారి డాక్టరును కలవండి.